చివరి అంకె

కళ్లజోళ్లాయనకు ఒక అలవాటు ఉంది. కొట్టుకి వచ్చినవాళ్లు ఫోను నంబరు చెబుతుంటే ఒక్కొక్క అంకెనూ తను కూడా పైకి అంటూ కవరు మీద రాసుకుంటాడు. రాశాక మొదటి నుంచి మళ్లీ చదివి వినిపిస్తాడు. "ఒక్క అంకె తేడా వచ్చినా మీ జోడు నా దగ్గరే ముసలిదైపోతుందండీ" అని నవ్విస్తాడు. పక్క కొట్లవాళ్లు దీనిమీద ఆయన్ను ఆటపట్టిస్తుంటారు గానీ, అద్దాలు తయారయ్యాక మనిషి దొరక్క జోడు కొట్లోనే ఉండిపోవడమన్నది ఆయన దగ్గర జరగలేదు.

ఆ రోజు ఉదయం వచ్చినామె మెడలో నల్లతాడుకి ఫోను వేలాడుతోంది. ఆమె భుజం పట్టుకుని ఒక మనిషి జాగ్రత్తగా మెట్టెక్కాడు.

"మా అన్నయ్యండీ. కుడి కన్ను పోయింది. ఎడమదానికి జోడు రాశారు పెద్దాసుపత్రిలో" అంది ఆమె, డాక్టరు చీటీ బల్ల మీద పెట్టి.

"రెండు కళ్లూ కలిసి ఒక్కదాని పని చేస్తున్నాయండీ. అదీ సగం జీతానికి" అన్నాడు అన్నయ్య, కుర్చీ కోసం తడుముకుంటూ.

కళ్లజోళ్లాయన నవ్వి, చిన్న స్కేలు అతని ముక్కు మీద ఆనించి కంటిపాపల మధ్య దూరం కొలిచాడు. కుడి కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పొర, గాజుకి ఆవిరి పట్టినట్టుంది. "ఈ కంటికి వట్టి గాజే వేస్తాను. పవరుండదు. కాకపోతే మందం ఎడమదానికి సరితూగాలి. లేదంటే జోడు ఓ పక్కకి ఒరిగిపోతుంది" అని వివరించాడు. చెవుల వెనక కాడలు ఎంతవరకు వంచాలో చూసుకున్నాడు. ఫ్రేములు ముందు పరిస్తే అన్నయ్య వేళ్లతో తడిమి గట్టిదొకటి ఎంచుకున్నాడు.

"నంబరు చెప్పండమ్మా."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వెంట వెంట అంటూ రాస్తున్నాడు. సగం దాటాక పెన్ను నెమ్మదించింది. ఈమె నా నంబరు నాకే చెబుతోందేమిటి అనుకున్నాడు. అదే వరస, అవే అంకెలు. చివర ఆరు రావాలి.

"తొమ్మిది" అంది ఆమె.

ఆయన అనలేదు.

"తొమ్మిదండీ" అని మళ్లీ అంది.

"ఆఁ... తొమ్మిది." పెన్ను కవరు మీద చుక్క పెట్టి అక్కడే ఆగింది.

"మళ్లీ చదివి వినిపించరా? అందరికీ వినిపిస్తారటగా."

చదివాడు. చివరి అంకె దగ్గర ఆగి, మెల్లగా అన్నాడు. ఆమె ఆయన మొహం కేసే చూస్తోంది.

"తయారవగానే చెయ్యండి. ఎప్పుడు చేసినా ఎత్తుతాను. ఎవరు చేసినా ఎత్తుతాను" అంది. "ఈ కుడి కంటికి పైపొర మారిస్తే చూపొస్తుందన్నారు. ఎవరైనా పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు కన్ను ఇవ్వాలి. అలా వచ్చిన రోజు ఆసుపత్రి నుంచి ఫోను చేస్తారు. ఉన్నపళంగా బయల్దేరాలి. మనం ఎత్తకపోతే మన తర్వాతివాళ్లకి చేసేస్తారు. ఏ నంబరు నుంచి చేస్తారో ముందే చెప్పలేమన్నారు."

ఆ మాట పూర్తవుతుండగానే ఆమె మెడలో ఫోను మోగింది. రెండు చేతులతో అందుకుంది. అన్నయ్య కుర్చీలోంచి సగం లేచాడు.

"ఆఁ, చెప్పండి! బయల్దేరమంటారా?"

అవతలి మాట వింటూ ఉండగానే ఆమె భుజాలు దిగిపోయాయి. "కాదండీ. ఆయన నంబరు కాదిది. కాదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు" అని పెట్టేసింది. అన్నయ్య ఏమీ అడక్కుండా కూర్చున్నాడు. అతనికి ఇది బాగా అలవాటైనట్టుంది.

"ఎవరో ఒకాయన కోసమండీ. కొన్నేళ్లుగా ఇదే గోల. లోను ఇస్తామని ఒకరు, స్థలం అమ్ముతామని ఒకరు, బహుమతి తగిలిందని ఒకరు. లోకమంతా ఆయన కోసమే కలవరిస్తోంది పాపం" అంది.

ఆయన పేరేమిటని కళ్లజోళ్లాయన అడగలేదు. ఆయన వీపు వెనక గోడ మీద చదువు పూర్తిచేసిన సర్టిఫికెట్టు అద్దంలో బిగించి ఉంది. దాని మీద ఆయన పేరు పెద్దక్షరాలతో ఉంది. ఏదో సర్దుకుంటున్నట్టు ఓ అడుగు పక్కకి జరిగి దానికి అడ్డంగా నిలబడ్డాడు. వాళ్లు మెట్టు దిగి వీధి మలుపు తిరిగేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

సంగతేమిటంటే, ఒకప్పుడు ఇలాంటి ఫోన్లు ఆయన ప్రాణం తోడేసేవి. అద్దం అరగదీస్తుంటే లోను, స్క్రూ బిగిస్తుంటే స్థలం. దాంతో ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరు ఎక్కడ నంబరు అడిగినా చివరి ఆరును తొమ్మిది చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. సోఫాల కొట్లో లక్కీ డ్రా చీటీ మీద, చెప్పుల కొట్టు గల్లా దగ్గర, పార్కు ముందు బల్ల వేసుకుని పెన్నులు పంచేవాళ్ల దగ్గర, అంతటా తొమ్మిదే. అబద్ధం ఆడినట్టు కూడా ఉండదు, ఒక్క అంకేగా. ఆ నంబరు ఎవరిదో అయి ఉంటుందని తట్టలేదా అంటే, తట్టింది. తట్టినప్పుడల్లా ఆ ఎవరో మొహం లేని మనిషి గనక పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

సాయంత్రం ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన జేబులో ఫోను మోగింది. బొటనవేలు దానంతటదే జేబులోకి వెళ్లి, చూడకుండానే ఎర్ర బొత్తాం మీద పడి, నోరు మూయించి బయటికి వచ్చింది.

"ఆ వేలికి వేరే జీతం ఇవ్వొచ్చు మీరు" అంది భార్య.

ఆయన దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు. "నేను అందరికీ ఇచ్చే ఆ నంబరు లేదూ... అది ఎవరిదో అయి ఉంటుందంటావా?"

"లేకపోతే గాలికి నంబరిస్తారా ఎవరైనా?" దుప్పటి ఆయన చేతిలోంచి లాక్కుని మడత సరిచేసింది. "సోఫాల కొట్లోనే చెప్పాను మీకు. ఎవరి కొంపలో మోగుతుందో పాపం అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. 'మోగనీ' అన్నాడు. అని నవ్వాడు కూడా. ఆ లక్కీ డ్రా చీటీ రాసినందుకు అక్కడే ఇచ్చిన కాఫీ కప్పు ఇప్పటికీ వంటింట్లో ఉంది.

"ఎందుకిప్పుడు?" అంది భార్య.

"ఏం లేదు, ఊరికే."

ఊరికే అన్నాడు గానీ మనసు కుదురుగా లేదు. వాకిట్లోకి వెళ్లాడు. బహుశా రోజుకి ఒకటీ అరా వస్తుంటాయేమో, తను ఉన్న సమయానికే ఒకటి వచ్చి పడిందేమో అని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. అలా అయితే మరీ అంత పాపం కాదు. పోనీ ఫోను చేసి నేనే ఫలానా అని చెప్పేస్తే? ఎదురుగా చెప్పడం కంటే అది నయం. ఆ ధైర్యం చల్లారకముందే నంబరు నొక్కాడు. సొంత నంబరు నొక్కినట్టే నొక్కి చివర మాత్రం ఒక్క గడి కిందికి దిగాడు.

ఒక్క మోత కూడా పూర్తవలేదు.

"ఆఁ, చెప్పండి! బయల్దేరమంటారా?"

వెనక ఏదో పళ్లెం కిందపడ్డ చప్పుడు, అన్నయ్య గొంతు 'వాళ్లేనా?' అనడం వినిపించాయి. కళ్లజోళ్లాయన నోరు తెరిచాడు. "హలో? హలో, వినపడుతోందండీ, చెప్పండి, మేం రెడీగానే ఉన్నాం" అంటోంది ఆమె. బొటనవేలు తన పని తను చేసుకుపోయింది. ఫోను చీకటైంది.

ఇప్పుడు తను కూడా వాళ్లలో ఒకడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు కొట్టు తెరవకుండా నేరుగా సోఫాల కొట్టుకి వెళ్లాడు. మొదలుపెట్టింది అక్కడే గనక అక్కణ్నుంచే విప్పుకొద్దామని ఆయన ఆలోచన. గల్లా దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"నంబరు తీయించెయ్యాలా సార్? చెప్పండి, ఇప్పుడే తీసేస్తాను."

ప్రాణం లేచొచ్చింది. నంబరు చెప్పాడు. అమ్మాయి కంప్యూటర్లో టకటకా కొట్టి, "ఇప్పుడు ఆ నంబరుకి ఒక కోడ్ వచ్చింది సార్, చెప్పండి" అంది.

"ఏ నంబరుకి?"

"ఇదే నంబరుకి. మీదే కదా? కోడ్ చెబితేనే తీయగలం. చెప్పకపోతే మావాళ్లు ఫోను చేసి అడుగుతారు."

"వద్దు వద్దు! ఫోను చెయ్యొద్దని చెప్పండి! చెయ్యకూడదనే కదమ్మా నేను వచ్చింది!"

"అది దానంతటదే వెళ్లిపోతుంది సార్. నా చేతిలో లేదు." అమ్మాయి ఆయన కంగారు చూసి జాలిపడింది. గొంతు తగ్గించి, "అయినా సార్, ఇక్కడ తీసినా లాభం లేదు. మేం ఇంకొకళ్లకి ఇస్తాం, వాళ్లు వేరేవాళ్లకి ఇస్తారు. ఇప్పుడది ఎక్కడెక్కడుందో ఎవరికీ తెలీదు. నంబరు మార్చేసుకోండి, హాయి" అంది.

హాయి! తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు.

కొట్టు తెరిచి అన్నయ్య జోడు పని ముందేసుకున్నాడు. చేతనైన మంచి ఇదొక్కటే ఇప్పుడు. ఫ్రేము వాళ్లు ఎంచుకున్నదే, అద్దాలు మాత్రం అరలో ఉన్నవాటిలో మేలైనవి తీశాడు. గీతలు పడనివి, మెరుపు కొట్టనివి. మధ్యబిందువు దగ్గర సిరా చుక్క పెట్టాడు. అద్దాన్ని సానచక్రం మీద ఆనించి, నీళ్లు కారుతుండగా అంచు మెల్లమెల్లగా అరగదీశాడు. ఈ పాటికి సోఫాలవాళ్లు చేసి ఉంటారా? చేసి ఉంటే ఆమె 'బయల్దేరమంటారా' అని ఉంటుందా? చక్రం ఆపి ఫ్రేములో పెట్టి చూసి, కొంచెం పట్టుగా ఉంటే మళ్లీ ఆనించాడు. రెండోది కూడా అలాగే. ఫ్రేముకి వేడి చూపించి, అద్దాలు గాడిలో కూర్చోబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. మామూలుగా అయితే ఆఖర్న పవరు చూసే యంత్రం మీద పెట్టి సరిచూస్తాడు. ఆ రోజు చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఆయన గమనించుకోలేదు.

ఆ మర్నాడు పొద్దున్న తయారైందని చెప్పడానికి ఫోను చేయక తప్పలేదు. మళ్లీ అదే ఆత్రం, అదే మాట. "నేనమ్మా, కళ్లజోళ్ల కొట్టు నుంచి" అన్నాడు.

"ఓ" అంది ఆమె. అంతే. ఆ 'ఓ' ఆయన చెవిలో మధ్యాహ్నం దాకా ఉండిపోయింది.

మధ్యాహ్నం వచ్చారు. ఆమె కుడి ముంజేతి మీద పొడుగ్గా, ఎర్రగా, ఇంకా తడి ఆరని కాలిన గాయం.

"అదేంటమ్మా?"

"ఇస్త్రీ పెట్టె తగిలిందండీ. మాది ఇస్త్రీ కొట్టు." చేతిని చూసుకుంది. "నిన్న ఎవరో సోఫాల కొట్టువాళ్లట, ఫోను చేసి ఏదో కోడ్ చెప్పమంటారు. మోగగానే పెట్టె పక్కన పెట్టబోయి చూసుకోలేదు. ఎవరిదో తెల్ల చొక్కా కూడా మాడింది. చొక్కా ఆయన అన్న మాటలకి చెయ్యే నయం అనిపించింది."

కళ్లజోళ్లాయన ఆమె చేతి మీంచి చూపు తిప్పుకున్నాడు. బల్ల పట్టుకున్నాడు. ఇన్నేళ్ల ఫోన్ల సంగతి అలా ఉంచి, ఈ ఒక్కటీ మాత్రం ఎవరి పేరు మీదా తోసెయ్యడానికి లేదు. ఇది నిన్న పొద్దున్న తను స్వయంగా వెళ్లి చేయించిన ఫోను. ఇప్పుడైనా చెప్పాలి. నోటి చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను పక్కకి నెట్టి, "కాస్త మందు రాయించుకోకపోయారా" అని ఇంకో మాట బయటికి వచ్చింది. వెన్నెముక లేని మాట అది. ఆయనకే అసహ్యం వేసింది.

అన్నయ్య జోడు పెట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గోడ మీద అక్షరాల పట్టీ వైపు మొహం పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అంది చెల్లెలు ఆశగా.

"బాగుందే. చాలా బాగుంది."

"పైన ఏముంది?"

"పైనా... పైన కప్పు ఉంది" అన్నాడు అన్నయ్య. అని ఇక దాచలేక, "ఏమనుకోకండి సార్, మీరు నాకు కొత్తగా ఏమీ చూపించలేదు" అన్నాడు.

జోడు అందుకుని యంత్రం మీద పెట్టి చూసి కళ్లజోళ్లాయన కొయ్యబారిపోయాడు. చూపున్న ఎడమ కంటికి వట్టి గాజు. పోయిన కంటికి పవరు. ఈ పనిలో దిగాక ఇలాంటి తప్పు కలలో కూడా చేసి ఎరగడు. నేర్చుకునే రోజుల్లో కూడా చెయ్యలేదు.

"తారుమారైందమ్మా. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ... క్షమించండి. కొత్తగా కోయాలి. రేపు నేనే ఇంటికి తెచ్చిస్తాను, మీరు మళ్లీ రావద్దు."

"పోనీలెండి సార్" అన్నాడు అన్నయ్య. "ఆ కన్ను చాలాకాలంగా ఖాళీగా ఉంది. మీరొక్కరే దానికి మర్యాద చేశారు."

ఆమె మాత్రం నవ్వలేదు. ఇంటి గుర్తులు చెప్పి, "రేపు వస్తారుగా?" అంది. ఆ అడగడంలో జోడు ఒక్కటే లేనట్టు అనిపించింది ఆయనకి.

ఆ సాయంత్రం భార్యకు మొత్తం చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి విన్నది. మధ్యలో ఒక్క మాటా అడ్డు రాలేదు. ఎప్పుడూ ఎకసెక్కెం ఆడే మనిషి అలా ఊరుకుంటే తిట్టిన దానికంటే ఎక్కువైంది. అంతా విని లేచి, కాఫీ కప్పు తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది.

"రేపు వెళ్లి చెప్పండి. జోడు ఇచ్చి మాట మింగి వచ్చారో, నాకు మొహం చూపించొద్దు" అంది.

ఇస్త్రీ కొట్టు అంటే ఇంటి ముందు గదే. పెద్ద బల్ల, దాని మీద మాడిన మచ్చలున్న దుప్పటి, పక్కన మడతపెట్టిన బట్టల దొంతరలు. వెనక గదిలో రెండు పరుపులు, మధ్యలో కర్టెన్. ఆయన వెళ్లేసరికి ఆమె కాలర్ మీద నీళ్లు చిలకరిస్తోంది. ఫోను మెడలోనే ఉంది. కాలిన చెయ్యి తగలకుండా పెట్టెను ఎడమ చేత్తో తోస్తోంది.

కళ్లజోళ్లాయన అన్నయ్యను వెలుతురు వైపు కూర్చోబెట్టి జోడు పెట్టాడు. ఈసారి యంత్రం మీద ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలీదు. అన్నయ్య రెప్పలాడించాడు. బల్ల అంచు చూశాడు, తన గోళ్లు చూసుకున్నాడు. తల తిప్పి చెల్లెల్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒసే, నీకు తల నెరిసిందే!" అన్నాడు. "ఎప్పట్నుంచీ? చెప్పావు కాదు?"

"అది కూడా చెప్పాలా?" అంది ఆమె. పెట్టె ఆపేసి, మొహం అటు తిప్పుకుని తీగ చుట్టడం మొదలుపెట్టింది.

ఇదే సమయం అనుకున్నాడు కళ్లజోళ్లాయన. "అమ్మా, మీకొకటి చెప్పాలి. ఆ ఫోన్లు చేసేవాళ్లు అడిగే మనిషి..."

"మీరే" అంది ఆమె, తీగ చుడుతూనే.

ఆయన ఆమె వైపు ఓ అడుగు వేసి ఆగాడు.

"మొన్నామధ్య ఒకమ్మాయి ఫోను చేసి, 'మీ కళ్లజోళ్ల షాపు పెద్దది చేసుకోడానికి లోను ఇస్తాం సార్' అంది. పేరు ఎప్పట్నుంచో తెలుసు. కళ్లజోళ్లు అని తెలిశాక వెతకడం ఎంతసేపు? ఎలాగూ అన్నయ్యకి జోడు కావాలి. అక్కడే చేయిద్దాం, మనిషి మొహం చూద్దాం, నాలుగు దులిపి వద్దాం అని వచ్చాను. మీరు నంబరు తిరిగి చదివి వినిపిస్తారని కూడా వీధిలో చెప్పారు. అంత జాగ్రత్తపరుడు పొరపాటున ఇచ్చి ఉంటాడేమో అనుకున్నా. తొమ్మిది దగ్గర మీ గొంతు ఆగిపోయింది చూడండి, అప్పుడు తెలిసింది పొరపాటు కాదని."

"మరి అప్పుడే అడగలేదేమమ్మా?"

"నేనెందుకు అడగాలి?" అంది. గొంతు పెంచలేదు. "మీరు చెబుతారని చూశాను. ఆ సాయంత్రం చేసి మాట్లాడకుండా పెట్టేశారు. ఎవరా అని నంబరు చూస్తే నాదే, చివర ఆరు. మర్నాడు చెబుతారనుకున్నా. ఈ చెయ్యి చూసి అయినా చెబుతారనుకున్నా. మందు రాసుకోమన్నారు."

కళ్లజోళ్లాయన తల వంచుకున్నాడు. సోఫాల కొట్టుకి వెళ్లింది కూడా తనేనని చెప్పాడు. చెప్పి, తన ఖర్చుతో కొత్త నంబరు ఇప్పిస్తానన్నాడు.

"మార్చుకోలేకనా ఇన్నాళ్లూ? ఆసుపత్రిలో ఉన్నది ఈ నంబరు. మారుస్తాం అని వాళ్లంటారు. ఆ కాగితం ఏ బల్ల మీద ఆగిపోతుందో ఎవరు చూడొచ్చారు? ఆ ఒక్క రోజు వాళ్లు పాత నంబరుకే చేస్తే? నేను మార్చను."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

ఆమె చుట్టిన తీగను బల్ల మీద పెట్టింది. తర్వాత మెడలోంచి తాడు తీసింది. తాడు ఒరుసుకున్న చోట మెడ వెనక నల్లటి చార పడి ఉంది. ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"దీన్ని పట్టుకుని అక్కడ కూర్చోండి. నేను నిద్రపోవాలి. కన్ను మూసుకుంటే వినపడదేమోనని భయం. అన్నయ్య ఒకసారి ఎత్తబోయి కట్ చేశాడు, అప్పట్నుంచీ వాడు ముట్టుకోడు. మోగితే ఎత్తండి. వాళ్లయితే నన్ను లేపండి."

వెళ్లి కర్టెన్ వెనక పడుకుంది. ఇంకా పెట్టె వేడి చల్లారకముందే ఆమె నిద్ర ఊపిరి వినపడింది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని వీధిలో పోయేవాళ్లను కొత్త జోడుతో ఒక్కొక్కర్నే చూస్తున్నాడు.

ఫోను మోగింది. కళ్లజోళ్లాయన బొటనవేలు అలవాటు చొప్పున ఎర్ర బొత్తాం మీదికి వెళ్లింది. ఆనబోతుండగా రెండో చేత్తో ఆ వేలిని పట్టుకుని లాగాడు. ఆకుపచ్చ బొత్తాం ఎటు ఉంటుందో వెతుక్కుని నొక్కాడు.

"చెప్పండి! బయల్దేరమంటారా?" అన్నాడు. అలా అనాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

అవతల ఓ అమ్మాయి ఆయన పేరు పెట్టి, ఆయనేనా అని అడిగింది.

ఆమెను లేపడానికి కర్టెన్ వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఓహో, ఇది ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాడు. "నేనేనమ్మా" అన్నాడు.

"నిజంగా మీరేనా సార్? మీరు దొరకరని మా ఆఫీసులో పందాలు వేసుకుంటారు సార్!"

"నేనే. కానీ ఈ నంబరు నాది కాదు. తప్పు రాయించాను. నా అసలు నంబరు చెబుతాను, రాసుకుని ఇది కొట్టెయ్యమ్మా, పుణ్యముంటుంది." చెప్పాడు. చివర ఆరు అన్నాడు. అమ్మాయి చేత తిరిగి చదివించుకున్నాడు.

స్థలం అమ్మేవాడు, బీమా ఆయన, బహుమతి ఇచ్చేవాడు, వరసగా వస్తూనే ఉన్నారు. ప్రతి మోతకీ ఆయన లేచి నిలబడ్డాడు. ప్రతిసారీ కర్టెన్ కేసి చూశాడు, లేపాల్సి వస్తుందేమో అని. ప్రతిసారీ అది తన కోసమే. అందరికీ అదే చెప్పి అదే నంబరు ఇచ్చాడు. ఇస్తున్నకొద్దీ తన జేబులో ఫోను కూడా గొణగడం మొదలుపెట్టింది.

ఆమె లేచేసరికి పొద్దు వాలిపోతోంది. జుట్టు సరిచేసుకుంటూ గాభరాగా వచ్చింది. "చేశారా?"

"లేదమ్మా. అన్నీ నాకే."

ఆమె ఫోను తీసుకుని మెడలో వేసుకుంది. నిద్రతో మొహం తేటపడింది. ఆయన్ను క్షమించినట్టేమీ కనపడలేదు. కాసేపు ఆలోచించి అల్మారాలోంచి పెన్ను, ఆసుపత్రి కవరు తీసింది.

"రెండో నంబరు ఇవ్వమంటున్నారు ఆసుపత్రిలో, ఎప్పట్నుంచో. నేను దొరక్కపోతే దానికి చేస్తారట. ఉన్నది మార్చడానికి భయంగానీ, ఇంకోటి చేర్చడానికేం? మాకు ఇవ్వడానికి మనిషే లేడు. మీది చెప్పండి."

"నాదా?"

"మీరు ఎత్తుతారుగా?"

కళ్లజోళ్లాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కొక్క అంకెనూ పైకి అంటూ రాసుకుంది.

"ఆరు" అన్నాడు ఆఖర్న.

"ఆరు" అంది. "మళ్లీ చదువుతాను, సరిచూసుకోండి."

మొదటి నుంచీ చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

ఇప్పుడు ఆయన కొట్లో అద్దం అరగదీస్తూ కూడా మధ్యమధ్య చక్రం ఆపి వింటాడు. స్నానానికి వెళితే ఫోను భార్య చేతిలో పెట్టి వెళతాడు. సోఫాల కొట్టు అమ్మాయి మాట నిజమే. నంబరు ఎక్కడెక్కడికో పాకింది. ఆమెకు ఫోన్లు కాస్త తగ్గాయట, పూర్తిగా పోలేదు. ఈయనకి మాత్రం ఊపిరాడనివ్వడం లేదు. పక్క కొట్టువాళ్లు చూసి, "ఒకప్పుడు ఎవరికీ దొరికేవాడివి కాదు, ఇప్పుడేంటయ్యా ప్రతివాడికీ పలుకుతున్నావు" అని నవ్వుతున్నారు.

ఒక రోజు ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా ఫోను మోగింది. తెర మీద ఎప్పుడూ చూడని నంబరు. భార్య తన చెయ్యి ఆపి ఆయన కేసి చూసింది. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమ చేత్తో అందుకున్నాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆఁ, చెప్పండి! బయల్దేరమంటారా?"

విన్నాడు. భుజాలు దిగిపోయాయి. "వద్దమ్మా. లైను ఖాళీగా ఉంచాలి" అని మెల్లగా చెప్పి పెట్టేశాడు.

"ఎవరు?" అంది భార్య.

ఆయన కుర్చీ లేపి, సరిచేసుకుని కూర్చున్నాడు. కంచం వైపు చూశాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"వాళ్లు కాదు" అన్నాడు. "నాకే."